ఆల్టిమీటర్‌కు పెట్టిన అద్దం

మొన్న పక్కింటి కిటికీకి వడ్రంగి అద్దం పెడుతుంటే, లప్పంలోని అవిసెనూనె వాసన మా ఇంట్లోకి వచ్చింది. ఆ వాసనకు నాకు పుంగనూరు రెడ్డెప్పన్న గుర్తొస్తాడు. ఆయన బెంగుళూరులో విమానాల మీటర్లు బాగుచేసే పనిలో రిటైరై, సొంతూళ్లో గడియారాల అంగడి పెట్టుకున్నాడు. పాత విమానాలను మళ్లీ ఎగరేయాలనే పిచ్చి ఉన్నవాళ్లు అద్దాలు పగిలిన మీటర్లు పట్టుకుని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. డెబ్బయ్యో దశకం చివర్లో నేను మదనపల్లెలో పటాలు కట్టే అంగడి నడిపేవాణ్ణి. ఆయనకు కావలసిన గుండ్రటి అద్దాలు నేనే కోసిచ్చేవాణ్ణి.

నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివానన్న గర్వం ఉండేది. మీటరు అంచుల్లో ఇరుక్కున్న గాజు నలుసులను రెడ్డెప్పన్న ఊదేవాడు కాదు, రాగిసంగటి ముద్దతో అద్ది తీసేవాడు. అంకెల మీది మెరిసే రంగులో రేడియం ఉంటుందనీ, దాని ధూళి పీల్చకూడదనీ నేను పుస్తకంలో చదివింది చెప్పాను.

"నిజమే. సంగటి సంగతి గూడా రాసుండారా ఆ పుస్తకంలో?" అన్నాడు.

"లేదన్నా. తర్వాత ఆ ముద్ద యాడ పారేస్తావు?"

"పారేసేదేంది, నీకే పెడతా."

ఒకసారి కుప్పం నుంచి దొరస్వామి అనే ఆయన ఆల్టిమీటర్ తెచ్చాడు. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే మీటరది. స్నేహితులతో కలిసి బాగుచేసుకున్న విమానంలో అది బిగించి, ఆదివారం తానే ఎగరాలని ఆయన ఆశ. రెడ్డెప్పన్న ఒక పెళ్లికని రామసముద్రం వెళ్తూ దాన్ని నాకు అప్పగించి, "అద్దం కోసి పెట్టు. అడుగున రబ్బరు రింగు ఎండిపోయుండాది, కొత్తది వచ్చినాక నేను బిగిస్తా" అన్నాడు. నేను ఆగలేదు. పటాలకు చేసినట్టే అంచు చుట్టూ లప్పం పెట్టి అద్దం బిగించాను. పైకి పోతే గాలి ఒత్తిడి తగ్గుతుందని చదివి ఉన్నాను కాబట్టి, దాన్ని సంచిలో పెట్టుకుని బస్సులో హార్సిలీ హిల్స్ ఎక్కాను. అక్కడ బోర్డు మీద రాసిన ఎత్తుకు ముల్లు సరిగ్గా సరిపోయింది.

శనివారం నేను మీటరు తీసుకుని పుంగనూరు వెళ్లేసరికి దొరస్వామి అంగడి బయట టీ తాగుతున్నాడు. కొండ ఎక్కిన సంగతి రెడ్డెప్పన్నకు గొప్పగా చెప్పాను. ఆయన మీటరు వెనక గొట్టానికి సైకిల్ వాల్వు ట్యూబు తగిలించి, నోటితో మెల్లగా గాలి పీల్చి, ట్యూబును వేళ్లతో నొక్కిపట్టాడు. ముల్లు పైకి లేచింది. తర్వాత మెల్లగా కిందికి జారసాగింది.

"దిగుతాండాది సూడు. గాలి దూరతాండాది."

"కొండ మీద సరిగ్గా చూపించింది కదన్నా!"

"కొండ మీద లోపలా బయటా ఒకటే గాలి గదప్పా. డబ్బాకు బొక్కున్నా సరిగ్గానే సూపిస్తాది. విమానంలో బయటి గాలి ఈ గొట్టంలోంచే రావల్ల. ఎగిరేటప్పుడు విమానం లోపలి గాలి ఒత్తిడి వేరే, అది నీ లప్పం సందులోంచి దూరితే ముల్లు అబద్ధం సెప్తాది. మబ్బుల్లో ఆయప్ప దాన్నే నమ్ముతాడు."

రబ్బరు రింగు రాలేదని దొరస్వామితో చెప్పి పంపెయ్యమని బతిమాలాను.

"పెట్టింది నువ్వు, ఎగిరేది ఆయప్ప. నడమ నేనెందుకు? పోయి సెప్పు."

నాలుగడుగుల దూరం. కొండెక్కి నేను చేసిన గొప్ప పనంతా ఆ నాలుగడుగుల్లో కరిగిపోయింది. చెప్పాను. దొరస్వామి గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓహో, పటాలు కట్టేది నువ్వేనా? నా ఫొటోకు గూడా పటం కట్టేదానికి సూసినావే!"

ఆ ఆదివారం ఆయన ఎగరలేదు. ఎండిన లప్పం తీసేటప్పుడు అద్దం పగిలింది. ఇంకొకటి కోశాను. కొత్త రింగు వచ్చాక రెడ్డెప్పన్న దాన్ని బిగించి, ట్యూబు నా చేతికిచ్చాడు. నేను పీల్చి నొక్కిపట్టాను. ఆయన బీడీ కాల్చడం అయిపోయేదాకా ముల్లు కదలలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తాను, చదివింది ఇప్పటికీ నలుగురికి చెబుతాను. అయితే ఏదైనా సరిగ్గా ఉందని తేలితే, తప్పుగా ఉన్నా ఇలాగే కనిపించేదా అని ఒకసారి అడుగుతాను. అవుననిపిస్తే ఇంకో రకంగా పరీక్షిస్తాను. తప్పు నాదని తేలితే, చెప్పడానికి నేనే లేచి వెళ్తాను. ఆ నాలుగడుగులు మాత్రం ఇప్పటికీ సులువు కాలేదు.