వాడరేవులో ఒంటి గీత

పన్నెండేళ్ళ కిందట, కార్తీకమాసంలో, తుఫాను సహాయానికని ఆర్మీలో మా కంపెనీ నుంచి ఒక చిన్న బృందాన్ని చీరాల దగ్గర వాడరేవుకు పంపారు. బృందానికి పెద్ద ఒక కెప్టెన్, ఆయన కింద ఒక హవల్దార్, మిగతావాళ్ళు సిపాయిలు. అందరూ ఉత్తరాది వాళ్ళే. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి నేను లాన్స్ నాయక్‌ని.

లాన్స్ నాయక్ అంటే సిపాయికి పైన, నాయక్‌కి కింద. చొక్కా చేతి మీద ఒకే గీత ఉంటుంది. నాయక్‌కి రెండు, హవల్దార్‌కి మూడు. సిపాయిలతో పాటే తినాలి, వాళ్ళతోనే పడుకోవాలి, వాళ్ళు చేసిన తప్పులకు ముందుగా తిట్లు తినాలి. ఆ గీత వచ్చిన ఏడాది పొదిలిలో మా నాన్న ‘మావాడు మిలిటరీలో నాయకుడయ్యాడు’ అని శనగ చేలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేను సరిదిద్దలేదు. నాయక్ అన్న మాట నాయకుడిలోంచి వచ్చిందే కదా.

ముందున్న ‘లాన్స్’ అంటే బల్లెం. దాని కథ వేరు. ట్రైనింగ్ సెంటర్లో చదువు చెప్పే హవల్దార్ ఒకాయన చెప్పాడు. పాతకాలంలో ఇటలీలో, గుర్రం చచ్చి, బల్లెం విరిగిన రౌతును ఇంటికి పంపకుండా కాలిబంటుల్లో కలిపేవారట. యుద్ధం చూసినవాడు గనుక చిన్న పెద్దరికం ఇచ్చేవారు. వాణ్ణి ‘విరిగిన బల్లెం’ అనేవారు. ఆ పేరు ఇంగ్లీషువాళ్ళ దగ్గర లాన్స్ కార్పొరల్ అయింది, మన దగ్గర లాన్స్ నాయక్ అయింది. సరిహద్దుకు అటువైపూ అదే పేరు. తిట్లు తినే తీరు కూడా అదేనని నా నమ్మకం. లండన్ రాజభవనం కాపలా దళాల్లో మాత్రం లాన్స్ కార్పొరల్‌కి రెండు గీతలుంటాయి. ఎవరో రాణిగారికి ఒంటి గీత బోసిగా కనిపించిందంటారు. జర్మన్లు ఇలాంటి హోదాకు పెట్టిన పేరుకు ‘విముక్తి పొందినవాడు’ అని అర్థం. సెంట్రీ డ్యూటీ నుంచి విముక్తి అన్నమాట. మాకు ఆ అదృష్టం కూడా లేదు.

ఇక వాడరేవు సంగతి. మేం వెళ్ళేసరికి రెవెన్యూ వాళ్ళు మైకుల్లో చెప్పి చెప్పి చాలామందిని స్కూలుకు చేర్చారు. ఒడ్డునే ఉన్న ఒక వీధి మాత్రం కదల్లేదు. ఆ వీధిలో ఎండుచేపల వ్యాపారం చేసే కోటమ్మ అనే ముసలమ్మ కదలకపోవడమే కారణం. చేపల గంపలకు పట్టా కప్పి, దాని అంచు మీద కూర్చుంది. ఇసుక ఎగిరి మొహాలకు కొడుతోంది. కెప్టెన్ హిందీలో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఆవిడ నా చేతి వైపు చూసింది.

“నీకొక్క గీతే ఉందేంట్రా? ఆయనకి మూడున్నాయి. ఆయన్ని చెప్పమను.”

మూడు గీతల హవల్దార్ ముందుకొచ్చి గట్టిగా, చాలాసేపు హిందీలో చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది.

“ఏమంటాడు?”

“లేవమంటున్నాడవ్వా.”

“అది నువ్వు చెప్పావుగా! ఇంతకీ ఏ ఊరు నీది?”

“పొదిలి.”

“పొదిలా! తాగడానికి నీళ్ళు లేని ఊరోడివి, నాకు సముద్రం సంగతి చెప్తావా?”

వీధి వీధంతా నవ్వింది. ఏమంటోందని కెప్టెన్ అడిగాడు. “ఆలోచిస్తానంటోంది సార్,” అన్నాను.

నేను ఆవిడ పక్కన ఇసుకలో గొంతుక్కూర్చుని, ఒంటి గీత ఎందుకో చెప్పాను. గుర్రం, బల్లెం, కాలిబంటులు, అంతా. హవల్దార్ గడియారం చూసుకుంటూ నా వెనకే నిలబడ్డాడు.

“అంటే పడవ పగిలినోడివన్నమాట,” అంది కోటమ్మ. “మా ఆయనా అంతే. పడవ పోయాక పరాయి పడవెక్కాడు. అయినా సముద్రం మీద ఆయన మాటే వినేవాళ్ళు.” గొంతు తగ్గించి అంది, “నేను లేస్తే ఇయ్యి నానిపోతాయి రా అబ్బాయ్. ఇయ్యి పోతే నేనేం అమ్ముకోను, ఏం తినను?”

అప్పటిదాకా అందరం ఆవిడకు ప్రాణం గురించి చెబుతున్నాం. ఆవిడ దిగులు గంపల గురించి.

“నీతోపాటు అవీ వస్తాయవ్వా. మా ట్రక్కులోనే,” అన్నాను.

అలా మాటివ్వడానికి నాకు ఏ అధికారమూ లేదు. సంగతి చెప్పగానే హవల్దార్ మొహం గుంటూరు మిరపకాయ రంగుకొచ్చింది. మిలిటరీ బండిలో చేపలా, ఎవరినడిగి మాటిచ్చావని అరిచాడు. కెప్టెన్ నన్ను చూడలేదు, సముద్రాన్ని చూశాడు. అలలు అప్పటికే పడవలు కట్టిన చోటు దాటాయి. ముందు చేపలు ఎక్కించమన్నాడు.

గంపల వెనకే కోటమ్మ ఎక్కింది. ఆవిడ వెనక వీధంతా ఎక్కింది.

మర్నాడు వెళ్ళి చూస్తే ఆ వీధిలో సగం ఇళ్ళు లేవు. ఒక్క మనిషి కూడా పోలేదు. స్కూల్లో కోటమ్మ మా హవల్దార్ చేత నీళ్ళ బిందెలు మోయిస్తోంది. భాష తెలియకపోయినా ఆయన ఒక్క పని కూడా తప్పు చెయ్యలేదు. తిరిగి యూనిట్‌కి చేరాక, కంపు పోయేదాకా ట్రక్కు కడగమని నన్ను శిక్షించారు. కంపు చాలాకాలం పోలేదు.

తర్వాత నాకూ మూడు గీతలొచ్చాయి, హవల్దార్‌గా రిటైరయ్యాను. కొత్తగా గీత కుట్టించుకున్న లాన్స్ నాయక్‌లను మొదటిరోజే లంగరుకు, అంటే మా వంటశాలకు పంపి, సెక్షన్‌లోని పదిమందికీ, లెక్కకు మించి, రెండోసారి టీ తెమ్మనేవాణ్ణి. వంటవాడు లాన్స్ నాయక్ మాట వినాలని రూలేమీ లేదు. ఆర్డరిచ్చినవాడు ఖాళీ కెటిల్‌తో తిరిగొచ్చేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని, వంటవాడి కష్టమేమిటో అడిగినవాడు టీతో వచ్చేవాడు. ఒంటి గీతకు ఉన్న అధికారం అంతవరకే. మూడు గీతలకూ అంతకన్నా పెద్దగా ఏం లేదు. కాకపోతే ఆ సంగతి తెలియడానికి ఎక్కువకాలం పడుతుంది.