పాదాల కింద జారిన ఇసుక

మొన్న సూర్యాపేటలో మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక, సెలవులకు ఎక్కడికైనా వెళ్దామన్న మాట వచ్చి, మనవరాలు తన ఫోన్‌లో ఒక సముద్రతీరం వీడియో తీసి నా చేతిలో పెట్టింది. పక్షి కంటితో చూసినట్టు పైనుంచి తీసిన వీడియో అది. నీళ్ల రంగులు మారుతూ, అలల అంచున నురగ తెల్లని జరీలా కదులుతూ, ఎంత బాగుందో చెప్పలేను. అది అయిపోగానే ఇంకొక ఊరిది, దాని వెనక మరొకటి చూపించి, చివరికి ఆ పిల్లే ఆవులిస్తూ, అన్నీ చూసేశాం కదా తాతా, ఇక పోయి చేసేదేముంది అని లేచి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆరిపోయిన ఆ ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. కూర్చున్నచోటనే నా మనసు కోదాడకు, అక్కడి బస్టాండు వెనక ఉండే మా మేనమామ గదికి, ఆ గది ముందు ఎండలో నిలబడి ఉండే ఆకుపచ్చ బస్సు దగ్గరికి వెళ్లిపోయింది.

డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఇంట్లో వాళ్ల ముఖం చూడలేక తిరుగుతున్న రోజులవి. మా మామ ఎవరి దగ్గరో ఒక పాత బస్సు కొని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో అది ఖాళీగా పడి ఉంటున్నదని, కార్తీకంలో పూరీ జగన్నాథానికి యాత్ర వెయ్యాలని ఆయనకు ఆలోచన వచ్చింది. దాని ప్రచారం పని నాకు అప్పగించాడు. ఈ యాత్రకు బస్సు నిండకపోతే దాన్ని అమ్మేస్తానని, అప్పుడు నీ దారి నువ్వు చూసుకోవాలని కూడా ముందే చెప్పాడు. మాట కరుకే గాని, ఆ బస్సును పొద్దున్నే తానే కడిగేవాడు, అద్దాలు తానే తుడిచేవాడు. దాన్ని అమ్మాల్సి వస్తే ఆయనకు ఎంత బాధో నాకు తెలుసు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, జీపుకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగి కరపత్రాలు వెదజల్లే ఆ కాలం. నేను రాత్రంతా కూర్చుని రాసుకున్న మాటలు మైకులో చదివేవాణ్ని. నీలాల సముద్రాన్ని కన్నులారా చూడండి, అలల ఘోషను చెవులారా వినండి, ఆకాశాన్నంటే గుడి శిఖరాన్ని దర్శించండి అని గొంతు పోయేలా చెప్పేవాణ్ని. అసలు సంగతేమిటంటే నేనప్పటికి సముద్రాన్ని చూడలేదు. నడిగూడెం వెళ్లాను, పెన్‌పహాడ్ వెళ్లాను. జనం జీపు చుట్టూ చేరేవాళ్లు, కరపత్రం మీది బొమ్మను పిల్లలకు చూపించేవాళ్లు, శ్రద్ధగా వినేవాళ్లు. పేరు రాయించుకునేవాళ్లు మాత్రం లేరు. పెన్‌పహాడ్‌లో ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మంచిగ జెప్తున్నవ్ బిడ్డా, ఇనబుద్ధయితది. గని గదంతా మా అసుంటోళ్లకు గాదు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ మాట ఎందుకో నాకు బాగా తగిలింది. ఆయన దగ్గర డబ్బు లేక అన్న మాట కాదది. నేను చూపిస్తున్న సముద్రం ఆయనకు ఆకాశంలో నక్షత్రమంత దూరంగా, అందంగా ఉండిపోయింది.

అట్లాంటి రోజుల్లోనే ఒకసారి మేళ్లచెరువు వెళ్తుంటే మా అత్తమ్మ, అంటే ఆ మామ భార్య, తానూ జీపెక్కింది. అక్కడ ఆమెకు చెల్లెలి వరసయ్యే ఒకామె ఉండేది, నాకు చిన్నత్తమ్మ. భర్త సిమెంటు లారీ నడిపేవాడు, జబ్బుచేసి పోయి అప్పటికి కొంతకాలమైంది. పలకరించి వద్దామని అత్తమ్మ బయల్దేరింది. మేం వెళ్లేసరికి చిన్నత్తమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి అరుగు మీద పెసలు చెరుగుతున్నది. చేటల చప్పుడు, గాలికి లేచిన పొట్టు, దూరంగా సున్నపురాయి లారీల ధ్వని. మైకు పెట్టబోతుంటే అత్తమ్మ వద్దని సైగ చేసి, తానూ ఒక చేట అందుకుని వాళ్ల మధ్య కూర్చుంది. మా అత్తమ్మ చిన్నప్పుడెప్పుడో తన నాయనమ్మతో పూరీ వెళ్లి వచ్చిందని వాళ్లలో ఒకామెకు తెలుసు. సముద్రం ఎంత ఉంటది అక్కా అని ఆమె అడిగింది.

అత్తమ్మ చేట ఆపి కొంచెంసేపు ఆలోచించింది. "ఎంత ఉంటదో నాకు యాదికి లేదు. మా నాయనమ్మ చెయ్యి పట్టుకొని నిలబడ్డ. నీళ్లొచ్చి కాళ్లను కప్పినయి, సల్లగ. మళ్ల ఎనకకు పోయేటప్పుడు పాదాల కింది ఇసుకను ఎవరో మెల్లగ గుంజుకపోతున్నట్టయింది. నిలబడ్డకాడనే నిలబడ్డం, గని కింద భూమి పోతున్నది. బయమయ్యి నాయనమ్మ చెయ్యి గట్టిగ పట్టుకున్న. పెదవుల మీద నాలుక పెడితే ఉప్పగుండె" అని చెప్పి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

అరుగు మీద చేటలన్నీ ఆగిపోయాయి. ఎదురుగా కూర్చున్న ఒక పడుచు తనకు తెలియకుండానే కాలివేళ్లను పెసల కుప్పలోకి గుచ్చి, గింజలు జారుతుంటే చూసుకుంటున్నది. ఒక ముసలావిడ నాలుకతో పెదవులు తడుపుకున్నది. ఆ కాసేపట్లో సముద్రం మేళ్లచెరువు దాకా వచ్చి ఆ అరుగును తాకి వెళ్లిందని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. చివరికి చిన్నత్తమ్మ తల వంచుకునే మాట్లాడింది. "మా ఇంటాయన లారీ ఏసుకొని కాకినాడకు పోయొచ్చేటోడు. సముద్రం గింత ఉంటదని రెండు చేతులు సాపి సూపెట్టేటోడు. నాకు ఆయన చేతులే కనబడేటియి గని సముద్రం కనబడకపోయేది." నా వైపు తిరిగి, "నా పేరు రాస్కో బిడ్డా" అన్నది. ఆ పడుచు తన అత్తను వెంటబెట్టుకుని వస్తానన్నది. చీకటిపడే లోపల ఆ వాడలోనే బస్సులో మూడోవంతు నిండిపోయింది.

ఆ తరువాత నేను మైకు ముట్టలేదు. ఊళ్లోకి వెళ్లి, ఎవరి అరుగు మీదనో కూర్చుని, తెల్లవారుజామున బస్సు కిటికీలోంచి ముఖానికి కొట్టే గాలి ఎంత చల్లగా ఉంటుందో, మట్టికుండలో వండిన జగన్నాథుడి ప్రసాదం అరచేతిలో ఎంత వెచ్చగా ఉంటుందో, దానికి అంటుకున్న మట్టి వాసన నోట్లో ఎట్లా నిలుస్తుందో చెప్పేవాణ్ని. ఇవన్నీ అత్తమ్మను అడిగి తెలుసుకున్నవే గాని, చెప్పగా చెప్పగా నా మడమల చుట్టూ కూడా నీళ్లు తిరుగుతున్నట్టుండేది. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దామె చెల్లెలితో తమ భాషలో చాలాసేపు మాట్లాడి, చివరికి నా వైపు తిరిగి, ఆ నీళ్లలో దిగితే మోకాళ్ల నొప్పి ఎక్కువవుతదా అని అడిగింది. అప్పుడే నాకు అర్థమైంది, ఆమె అప్పటికే నీళ్లలో దిగిందని. ఇది మా అసుంటోళ్లకు గాదన్న మాట మళ్లీ నేను ఎక్కడా వినలేదు.

బస్సు నిండింది. కోదాడలో కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ నిద్రలో నడిచినట్టే గుర్తుంటుంది. గోదావరి వంతెన మీద చక్రాల కింద మోగిన ఇనుము, అన్నవరంలో విస్తరాకులో పెట్టిన ప్రసాదం, సింహాచలం మెట్ల మీద సంపెంగల వాసన, ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయిన ఆడవాళ్లు. ఎక్కడ ఆగినా వాళ్లు అడిగేది ఒక్కటే, ఇంకెంత దూరమని.

తీరా పూరీ చేరేసరికి ఆకాశం నల్లగా మూసుకుపోయి ఉంది. తుపాను హెచ్చరిక ఉందని పోలీసులు తీరం పొడుగునా తాడు కట్టి, ఎవరినీ ఇసుకలోకి దిగనివ్వడం లేదు. మేమందరం ఆ తాడు వెనక, గాలికి చీరలు కొట్టుకుంటుండగా నిలబడ్డాం. అదే నేను సముద్రాన్ని మొదటిసారి చూడటం. పెద్దదే, నల్లగా లేచి పడుతున్నది, చెవులు గింగురుమనేటంత ధ్వని. అయినా అది నా కరపత్రం మీది బొమ్మకు ప్రాణం వచ్చినట్టుగానే ఉంది తప్ప, నేను ఊరూరా చెప్పిన సముద్రంలా లేదు. మామ మా వైపు తిరిగి, "సూసిండ్రు గదా, ఇగ గుడికి పోయి బయలెల్లుదాం పాండ్రి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. చిన్నత్తమ్మ తాడును రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి తిరగకుండానే, "బావా, సూసుడు అయింది. వచ్చుడు కాలే" అన్నది.

మామకు ఒక చిక్కు ఉంది. తిరిగి వెళ్లగానే మిర్యాలగూడలో ఒక పెళ్లికి బస్సు పంపిస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. ఇక్కడ ఆగితే ఆ పెళ్లివారు నడిబజారులో నిలబడతారు, ఆగకపోతే ఇంతదూరం వచ్చిన ఈ ఆడవాళ్లు తాడు దగ్గరి నుంచే తిరిగిపోతారు. దర్శనం చేసుకుని సత్రానికి వచ్చాక ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అత్తమ్మ తడిసిన చీరలు తీగ మీద ఆరేస్తూ, ఎవరి వంకా చూడకుండా, "నా మాట పట్టుకొని వచ్చిండ్రు వీళ్లంతా. నా మాట దక్కియ్యి" అన్నది. ఆమె ఆయన్ను ఏదైనా అడగడం నేను అంతకుముందు వినలేదు. మామ గొడుగు తీసుకుని తపాలా కార్యాలయానికి వెళ్లి, మిర్యాలగూడకు ట్రంకాల్ చేసి, తెలిసినవాళ్ల బస్సును ఆ పెళ్లికి మాట్లాడి వచ్చాడు. ఆ మంచి బేరం, ఆ పెళ్లివారితో స్నేహం రెండూ పోయాయి. ఆ మాట ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

మరునాడంతా వాన. సత్రం గోడల అవతల సముద్రం మోగుతూనే ఉంది, ఆడవాళ్లు ఉన్న బియ్యంతోనే గంజి కాచి అందరికీ పోశారు. ఆ తరువాతి రోజు తెల్లవారేసరికి గాలి తగ్గి, లేత ఎండ వచ్చింది. తాడు తీసేశారని ఎవరో చెప్పగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా అందరూ బయల్దేరారు.

ఇసుక ఇంకా వానకు తడిసి చల్లగా ఉంది. అంచు దాకా పోయి చిన్నత్తమ్మ ఆగిపోయింది. ఒక చెయ్యి అత్తమ్మ పట్టుకుంది, రెండోది నేను పట్టుకున్నాను. నీళ్లు వచ్చాయి, పాదాలు మునిగాయి, చీర కుచ్చిళ్లు బరువెక్కాయి, ఆ తరువాత అవి వెనక్కి మళ్లుతుంటే నా మడమల కింద నుంచి ఇసుక చక్కెర జారినట్టు జారిపోవడం మొదలైంది. ఇన్ని ఊళ్లలో ఇన్నిసార్లు చెప్పిన నేను ఉలిక్కిపడి చిన్నత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె కూడా అంతే గట్టిగా పట్టుకుంది. పెద్ద అల ఒకటి వచ్చి ముఖాల మీద చింది పడింది. ఆమె పెదవులను నాలుకతో తాకి, ఎంతోసేపు కళ్లు మూసుకుని, తనకు తానే చెప్పుకున్నట్టు, "ఆయన సెంప గిట్లనే ఉప్పగుండేది" అన్నది. పక్కన నేనున్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, తడి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ కొంగు వెనక ఆమె నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నేను చూడలేదు, చూడాలని కూడా అనిపించలేదు. కాస్త అవతల తండా అక్కాచెల్లెళ్లు చిన్నపిల్లల్లా ఒకరినొకరు నీళ్లలోకి లాక్కుంటున్నారు. ఒడ్డున అందరి సంచులకు కాపలా కాస్తున్న మామను అత్తమ్మ చెయ్యి ఊపి పిలిచింది. ఆయన కాసేపు సిగ్గుపడి, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అందరూ చూస్తుండగా ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ బస్సు మరికొన్ని కార్తీకాలు నడిచింది. తరువాత రైళ్లు పెరిగి, పెద్ద కంపెనీల బస్సులు వచ్చి, మామ దాన్ని మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుకు అమ్మేశాడు. నన్ను కూడా అదే మిల్లులో పనికి పెట్టించాడు, అక్కడే నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. మొదట్లో బేరగాళ్లు వచ్చి గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని రుద్ది, రెండు గింజలు నమిలి, కళ్లు మూసుకుని తమ ఇంటి అన్నాన్ని తలచుకుని ధర మాట్లాడేవాళ్లు. నేను మానేసే నాటికి సంచి మీది బొమ్మను ఫోన్‌లో పంపిస్తే సరిపోయేది. దాన్ని నేను తప్పు పట్టను. దూరాన ఉన్నవన్నీ కంటి ముందుకు వచ్చాయి, మంచిదే. కంటికి అంత దగ్గరైనవి ఒంటికి మాత్రం ఎందుకో దగ్గర కాలేకపోతున్నాయి.

మామ, అత్తమ్మ, చిన్నత్తమ్మ ఇప్పుడు లేరు. ఆ యాత్రకు వచ్చినవాళ్లు చాలాకాలం దాకా ఎక్కడ పెళ్లిలో కనబడినా ముందు నా చెయ్యి అందుకుని, మాటలు అయిపోయేవరకు వదిలేవాళ్లు కాదు. వాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఈ మధ్య ఫంక్షన్ హాళ్లలో అందరూ దూరం నుంచే చెయ్యి ఊపి, పక్కన నిలబడి ఒక ఫోటో తీసుకుని వెళ్తున్నారు. ఎప్పుడైనా ఎవరైనా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఎంతసేపు పట్టుకుని ఉండాలో వాళ్లకూ తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు.