మస్తాన్ గారు పడవ చూసిన రోజు

మొన్న విశాఖ రేవులో అమ్మకానికి పెట్టిన చిన్న తెరచాప పడవ ఒకటి చూడడానికి వెళ్లాను. లోపలి గది తలుపు తీయగానే తడిసిన పరుపు, డీజిలు కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు జగ్గయ్యపేట హైవే పక్కన మస్తాన్ గారి లారీ షెడ్డు గుర్తొస్తుంది. ఏ పడవ దూరప్రయాణానికి పనికొస్తుందో చెప్పడం ఇవాళ నా ఉద్యోగం. ఆ పని నాకు నేర్పిన మస్తాన్ గారు అప్పటికి సముద్రం చూడనే లేదు.

డిప్లొమా చదివి ఆయన దగ్గర మెకానిక్‌గా చేరిన రెండో ఏడది. ఒక మధ్యాహ్నం గరికపాడు చెక్‌పోస్టు దాటి వచ్చిన ట్రైలరు ఒకటి బేరింగు పోయి మా షెడ్డు ముందు ఆగింది. దాని మీద పడవ. వెనక కారులో హైదరాబాదు పళ్ల డాక్టరు గారు, ఆయన భార్య సుజాత గారు. పాత పడవ కొన్నారట. బందరులో నీళ్లలోకి దింపి, ఎక్కడా ఆగకుండా ఇద్దరూ చెన్నై వెళ్లాలని డాక్టరు గారి ఆలోచన. టీ కొట్టు దగ్గరి లారీ డ్రైవర్లంతా చుట్టూ చేరారు. ఒకాయన హారను ఎక్కడుందని అడిగాడు.

బేరింగు మార్చడం గంటలో అయిపోయింది. మస్తాన్ గారు మాత్రం పడవ దగ్గర్నుంచి కదల్లేదు.

"ఎన్ని రోజులు పడుద్దండి?"

"గాలి బాగుంటే మూడు రోజులు."

"బాగోకపోతే?"

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీకేమనిపిస్తోంది, మంచి పడవేనా?"

"సముద్రం సంగతి నాకు తెలవదండి. మూడు రోజులు దిగకుండా ఉండాల్సిన బండి సంగతి తెలుసు. చూడమంటే చూస్తా."

చెప్పులు విప్పి నిచ్చెనెక్కి, లోపల పడక మీద పడుకున్నారు. "అమ్మాయ్, బండి ఊపమను," అని కేకేశారు. డ్రైవర్లు సంతోషంగా ఊపారు. లోపల గిన్నెలూ ఆయనా కలిసి దొర్లిన చప్పుడైంది. కాసేపాగి గొంతు వినిపించింది. "పట్టుకోడానికి ఇక్కడేం లేదు, రాసుకో." రాసుకున్నాను.

తర్వాత చుక్కాని పట్టుకునే మనిషి కూర్చునే చోట నాలుగు బకెట్ల నీళ్లు పోయించారు. ఈలోపు టీలొచ్చాయి. అందరం తాగడం అయింది. అడుగున ఉన్న గొట్టాల్లోంచి నీళ్లు సగం కూడా దిగలేదు. "రెండో అల మన టీ అయ్యేదాకా ఆగుద్దా అండి?" అని డాక్టరు గారిని నెమ్మదిగా అడిగారు.

తెరచాప కొయ్యను నిలబెట్టే తీగలకు కింద ఉక్కు పట్టీలుంటాయి. ఒక పట్టీ పక్కన సన్నటి తుప్పు చార కనిపించింది. అనుమతి అడిగి దాన్ని విప్పారు. పైకి తళతళలాడుతున్న ఆ పట్టీ ఆయన చేతిలోనే అప్పడంలా విరిగింది. లోపల దాగిన భాగమంతా తుప్పు తినేసింది. డాక్టరు గారు పక్కనున్న లారీ టైరు మీద కూలబడ్డారు.

మస్తాన్ గారు దిగివచ్చి సుజాత గారి ముందు నిలబడ్డారు. "అమ్మా, మీకు వెళ్లాలనుందా?"

"పడవ కొన్నాక ఈ మాట అడిగింది మీరేనండి. నాకు కారులోనే తల తిరుగుద్ది."

"నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నారు డాక్టరు గారు.

"చెప్పనిచ్చారా?"

"పడవ చెడ్డది కాదండి," అన్నారు మస్తాన్ గారు, ఇద్దరి మధ్యకీ వచ్చి. "పొద్దున బయల్దేరి సాయంత్రానికి రేవు చేరేట్టయితే, పట్టీలు మార్చుకుని వెళ్లొచ్చు. మూడు రోజులకి మాత్రం ఇది చాలదు."

నందిగామ లేతు షాపులో కొత్త పట్టీలు చేయించాం. నీళ్లు పోయే గొట్టాలు పెద్దవి వేశాం, లోపల పట్టుకోవడానికి కడ్డీ బిగించాం. ఆ చలికాలం డాక్టరు గారు ఒక స్నేహితుడితో రేవు రేవుకీ ఆగుతూ చెన్నై చేరారు. సుజాత గారు ఒడ్డున కారులో వెళ్లి, ప్రతి ఊళ్లోనూ వాళ్లకి ఇడ్లీలు సిద్ధంగా ఉంచారట. పడవలు పరీక్షించే ఉద్యోగం ఒకటుందని నాకు చెప్పింది డాక్టరు గారే. నేను వెనకాడుతుంటే, "వెళ్లమ్మాయ్, రాసుకోవడం నీకు బాగా వచ్చింది," అని మస్తాన్ గారే పంపించారు.

ఆయన పోయి మూడేళ్లవుతోంది. నా రిపోర్టు ఫారంలో చివర ఒక గడి నేనే కలుపుకున్నాను: వెంట వచ్చేవాళ్లకి ఇష్టమేనా? మిగతా పడవంతా చూడడానికి ఒక పూట సరిపోతుంది. ఆ ఒక్క గడి నింపడానికి మాత్రం చాలామంది వారం గడువు అడుగుతారు.