మత్తయ్య మేస్త్రికి నచ్చని బండ

మా తాత శంకరప్పకు ఫోన్‌తో ఒక్కటే పని, బండ మోగించి వినిపించడం. తాండూరులో మాకు చిన్న బండల పాలిష్ కార్ఖానా ఉంది. వ్యాపారులు, మేస్త్రీలు కలిసిన వాట్సాప్ గ్రూపులో అందరూ బండల ఫోటోలు పెడతారు. మా తాత ఫోటో తీస్తే బండకంటే బొటనవేలే పెద్దగా పడుతుంది. అందుకని బండను నిలబెట్టి, సుత్తితో కొట్టి, ఆ చప్పుడు పంపేవాడు. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే చప్పుడు చచ్చిపోతుంది.

గ్రూపంతా నవ్వింది. పదో తరగతి తప్పి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నేను ఇంకా తీరిగ్గా నవ్వాను. నవ్వనిది వికారాబాద్ మత్తయ్య మేస్త్రి ఒక్కడే. తాపీ పిడితో నేలమీద రెండుసార్లు కొట్టి ఆ చప్పుడు తిరిగి పంపాడు. నచ్చిందని అర్థం. నచ్చకపోతే ఏమీ పంపడు. ఆయన మాట నమ్మి మిగతా మేస్త్రీలూ మా బండలే కొనడం మొదలుపెట్టారు.

"అన్నా, ఒక్కసారి రారాదే, చాయ్ తాగుదం" అనేవాడు ఫోన్‌లో మత్తయ్య.

"రేపు వస్త తమ్మీ" అనేవాడు తాత. రైలెక్కితే దగ్గరే. ఎన్నడూ పోలేదు.

ఒకనాడు గ్రూపు నిండా దండం బొమ్మలే. మత్తయ్య గుండె ఆగి పోయాడు.

తాత మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బండ కొట్టి, ఆ చప్పుడు మత్తయ్య నంబరుకే పంపాడు.

"తాతా, గాయన లేడు గదనే. ఎవలింటరు?"

"ఇననీ. నీదేం పోయింది పోరీ?"

కాసేపటికి జవాబు వచ్చింది. ఠక్. ఠక్. అదే తాపీ చప్పుడు. నాయనమ్మ ఉప్పు తెచ్చి ఫోన్‌కు దిష్టి తీసింది. నాకు నవ్వు రావలసింది, రాలేదు. రోజూ తాత పంపడం, రోజూ అవతల నుంచి ఠక్ ఠక్. తాతకు ముద్ద దిగడం మానేసింది. చివరికి నన్ను తోడు తీసుకుని వికారాబాద్ రైలెక్కాడు.

తలుపు తీసింది మత్తయ్య బిడ్డ కృపారాణి. మత్తయ్య తాపీ కిటికీలో ఉంది.

"నేనే కొడ్తున్న పెద్దనాయినా. మీ బండ చప్పుడు ఇనవడితే నాయిన ఇంట్ల ఉన్నట్టే ఉంటది. చెప్తే మీరు బంద్ చేస్తరని చెప్పలే."

తాత గోడ పక్కన ఖాళీ కుర్చీని చూస్తూ ఉండిపోయాడు. "చాయ్ తాగుదమన్నడు బిడ్డా" అన్నాడు. ఆమె చాయ్ పెట్టింది.

మేము లేచేటప్పుడు అంది, "నాయిన సమాధికి బండ కావాలె. మీరే ఏరి పంపుండ్రి. పగుల్ది రావొద్దు పెద్దనాయినా, వానకు విచ్చుకపోతది."

"బతికున్నప్పుడు రాకపోతి. ఇప్పుడు పగుల్ది పెడ్తనా?" అన్నాడు తాత.

కార్ఖానాలో ఒక నీలం బండ ఏరాడు. కొట్టాడు. నా చెవికి ఖంగుమనే అంది. పంపాడు. మధ్యాహ్నమైనా జవాబు లేదు.

"మత్తయ్యకు నచ్చలే" అన్నాడు.

ఫోన్ చూశాను. "ఒక్క టిక్కే ఉన్నది తాతా. కృపారాణి అక్క ఫోన్ బందున్నది, అసలు అందనే లేదు. సచ్చినాయన బండలకు వంకలు గూడ పెడ్తడా?"

"చెంబుల నీళ్లు తే."

బండ మీద నీళ్లు పోశాడు. ఎండకు పైనంతా ఆరిపోయింది. మధ్యలో వెంట్రుక అంత సన్నటి గీత మాత్రం తడిగానే మిగిలింది. పగులు.



సాయంత్రం కృపారాణి ఫోన్ చేసింది. "కరెంటు లేక ఫోన్ బందయ్యింది పెద్దనాయినా. ఏమన్న పంపినరా?"

తాత నా వైపు చూశాడు. "ఏం లేదు బిడ్డా. మంచిది రేపు పంపుత."

మర్నాడు ఇంకో బండను ముందు తడిపి చూసి, ఆరాక కొట్టి పంపాడు. ఠక్, ఠక్ అని జవాబు వచ్చింది. ఆ బండే ఇప్పుడు వికారాబాద్‌లో మత్తయ్య మీద ఉంది.

తాత చెవులను నేను ఇప్పటికీ వెక్కిరిస్తాను. కానీ కృపారాణి అక్క నుంచి జవాబు ఆలస్యమైన రోజున, ఆయన చెప్పకముందే చెంబుతో నీళ్లు తెస్తాను.