మునగక ముందు పేజీలు

మా బావ కథలు చదవడు. అవన్నీ కాకమ్మ కబుర్లంటాడు. ఆయనకి నిజంగా జరిగిందే కావాలి, అదీ చెడ్డదే జరిగుండాలి. మునిగిన ఓడలు, కూలిన వంతెనలు, గనుల్లో పేలుళ్లు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, మేడ మీద మోటారు గదిలో స్టూలేసుకుని, పోయిన కరెంటు వచ్చేదాకా ఇవే చదువుతుంటాడు. పుస్తకాల అంచులన్నీ గ్రీజు మరకలే.

చదివి ఊరుకుంటే సరే. సాయంత్రం వంటగది గుమ్మంలో కూర్చుని మా అక్కకి వినిపించేవాడు. అక్కకి చదువు రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని, నేను వెళితే నన్నూ కూర్చోబెట్టేవాడు. శుభమా అని అన్నం తింటుంటే వంతెన కింద శవాలు! నేను విసుక్కుంటే, "ఎందరు చచ్చారన్నది కాదురా. ముందు ఎవడికి తెలిసింది, తెలిసీ ఎందుకు నోరు మూసుకున్నాడు, అది చూడాలి" అనేవాడు. ప్రతి పుస్తకంలోనూ అలాంటివాడొకడు దొరికేవాడు. ఓడ అడుగున చెమ్మ చూసినవాడు, వంతెనకి బీట చూసినవాడు. దొరగ్గానే బావ వాణ్ణి ఉతికి ఆరేసేవాడు. పోనీలెండి, వాడికి ఏం తొందర పనుందో అనేది అక్క.

ఆ అక్కకే కిడ్నీలు రెండూ పాడయ్యాయి. తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ ఉన్నన్నాళ్లు ఉండడమేనన్నాడు డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బావ కిడ్నీల మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. తెచ్చాడే గానీ అక్కకి వినిపించలేదు. ఒక్కడే మోటారు గదిలో చదువుకునేవాడు. నాకు ఒళ్లు మండింది. లోకంలో వాళ్ల చావులన్నీ వినిపించావు, అక్క జబ్బు అక్కకి చెప్పవా అని అడిగేశాను. పుస్తకం చంకలో పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఒక మధ్యాహ్నం అక్కే ఆ పుస్తకం తెమ్మంది. బావ మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. కిడ్నీ ఎంత ఉంటుంది, ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది. గొంతు బాగానే ఉంది. అక్క పక్కకి తిరిగి పడుకుని పుస్తకం వైపే చూస్తోంది.

"రెండు కాగితాలు కలిపి తిప్పారు. వెనక్కి రండి" అంది.

బావ వెనక్కి వచ్చాడు. జబ్బు మొదట్లో కనిపించే గుర్తులు రాసిన పేజీ అది. నీరసం అని చదివాడు. దురద అని చదివాడు. కాళ్ల వాపు దగ్గర ఆగిపోయాడు.

"మీరెప్పుడు చూశారు?" అని అడిగింది అక్క.

"చెప్పులు పట్టట్లేదన్నావే, అప్పుడు. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. చూశాను. చూసి... పెద్ద సైజు కొనుక్కొచ్చాను."

ఆయన్ని ఏదైనా అందామని నేను నోరు తెరిచేలోగా అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"హాయిగా ఉన్నాయని వేసుకు తిరిగింది నేనే కదండీ" అంది. "చదవండి. తర్వాత ఏమవుతుందట?"

బావ చదివాడు. తర్వాత ఏమవుతుందో అందులో దాపరికం లేకుండా రాసి ఉంది.