చప్పుడు చేసే ఏసీ

మా మామగారు పోయారు. మొన్న మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారు. చూడటానికి వచ్చినవాళ్లంతా అదృష్టవంతుడన్నారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచానో.

శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి, రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో సుత్తి మోతల మధ్యే ఉద్యోగమంతా చేశారు. రైల్వే కాలనీ క్వార్టర్లో వేసవంతా కూలరే. అది తిరుగుతుంటే పక్కనున్నవాళ్లతో కేకలేసి మాట్లాడాలి. ఆయనకు అదే జోలపాట.

రిటైరయ్యాక సిల్తారా వైపున్న మా ఇంటికి వచ్చారు. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీల నల్లదుమ్ముకి ఆయాసం మొదలైంది. కిటికీలు మూసి ఏసీ గదిలో ఉంచమన్నాడు డాక్టరు. మా ఆయన ముచ్చటపడి స్ప్లిట్ ఏసీ తెచ్చారు. ఉన్నట్టే తెలియదు, అంత నెమ్మది. మేం మురిసిపోయాం. మామగారికి మాత్రం కంటిమీద కునుకు లేదు. ఇలా పడుకుని అలా లేచి కూర్చునేవారు.

"ఏటమ్మా, బిజిలీ ఎల్లిపోనాదా?"

"లేదు మావయ్యా, నడుస్తోంది. చల్లగా లేదూ?"

"సల్లగానే ఉంది. సప్పుడు నేని మిషను నడుస్తందో సచ్చిందో ఎలాగ తెలుస్తాది?"

అంటూ వెళ్లి కిటికీ తెరిచేవారు. కూలర్‌కి కిటికీ తెరవాలి, ఏసీకి మూయాలి. ఇన్నేళ్ల కూలర్ అలవాటు ఒక్క వేసవిలో పోతుందా? దుమ్ము లోపలికి, దగ్గు పైకి. నేను మూయడం, ఆయన తెరవడం. మాకిదో యుద్ధం. ఆ వేసవికి మనిషి సగమయ్యారు. నిద్ర లేకపోతే ఈయన మాకు దక్కరేమోనని భయం పట్టుకుంది నాకు.

ఉండబట్టలేక ఒకరోజు నేనే దుకాణానికి వెళ్లాను. ప్రతి ఏసీ చూపించి, "భాభీజీ, ఆవాజ్ బిల్కుల్ నహీ" అంటాడు సేఠ్. నాకు చప్పుడు చేసేదే కావాలన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మూలనున్న విండో ఏసీ వైపు చెయ్యి చూపించాడు.

ఇంట్లో బిగించాక అది గుర్రుమని మొదలవగానే మామగారి ముఖం విప్పారింది. "ఇదీ మిషనంటే!" అన్నారు. ఆ మధ్యాహ్నం పడుకున్నవారు సాయంత్రం దాకా లేవలేదు. కిటికీ జోలికి మళ్లీ పోలేదు.

ఆదివారం వస్తే దాని ఫిల్టర్ కడగడం ఆయన పనే. మా ఆయన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. మెత్తటి బ్రష్షుతో రుద్ది, ఎండలో పెడితే వంకరపోతుందని నీడలోనే ఆరబెట్టేవారు. పారే నల్లనీళ్లు చూపించి, "సూడమ్మా, నా గుండెల్లోకి ఎల్లాల్సిన బొగ్గంతా" అని నవ్వేవారు. "కొన్నోడిది గొప్ప కాదమ్మా, కడిగినోడిది గొప్ప" అనేవారు. దగ్గు తగ్గింది, ఒళ్లు చేశారు. ఆ తర్వాతి వేసవులన్నీ ఆయన హాయిగా నిద్రపోయారు. నేను ఆయనకు చేసిందేమైనా ఉంటే అదే.

మొన్న సాయంత్రం టీ పట్టుకెళ్లాను. ఏసీ హోరుమంటోంది. ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు. ఆ మోతలో ఆయన ఊపిరి ఎప్పుడూ వినబడేది కాదు, నాకది అలవాటే. మంచి నిద్రలో ఉన్నారు, ఇంకాసేపు పడుకోనీ అనుకున్నాను. జారిన దుప్పటి భుజం దాకా లాగి, టీ గ్లాసు మీద మూతపెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వచ్చాను.