బ్యాంకాక్‌లో ఎవరూ కాదనలేదు

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, నేను పనిచేసే పలకల షావుకారు నన్ను ఓడెక్కించి బ్యాంకాక్ పంపాడు. అక్కడి ఒక బౌద్ధ ఆలయం వాళ్ళు తమ బడులకు పలకలు కావాలని జాబు రాశారు. మచ్చుకు పంపినవాటికి చెక్క చట్రాలు ఊడిపోతున్నాయని కూడా రాశారు. చట్రం బిగించడంలో నాది తిరిగిన చెయ్యి.

"బేరం కుదుర్చుకోని రా రా. కొత్త షెడ్డుకు నువ్వే మేస్త్రీవి" అన్నాడు షావుకారు, పదిమంది వినేటట్టు. ఆ పదిమంది ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

బ్యాంకాక్‌లో మొదటి పూటనుంచే నాకు ఏదీ అంతుపట్టలేదు. బిందెడు నీళ్ళకు మైలు నడిచే ఊరినుంచి వచ్చినవాణ్ణి. అక్కడ వీధి ఉండాల్సిన చోట కాలువ ఉంది. కూరగాయలామె పడవలో వచ్చి ఇంటి మెట్ల దగ్గర ఆగుతుంది. ఇంటి ముందు గుంజ మీద బొమ్మరిల్లు లాంటిది కట్టి, దానికి పూలు, అన్నం, ఊదువత్తులు పెడతారు. ఆ స్థలాన్ని కాచే దేవత ఉండే ఇల్లట. తెల్లవారగానే కాషాయం కట్టుకున్న భిక్షువులు వరుసగా వస్తారు. అన్నం పెట్టేవాళ్ళే మోకరిల్లి దణ్ణం పెడతారు. పెట్టించుకునేవాడు చిన్న మాటైనా అనడు. ఎవరు ఎవరికి ఉపకారం చేసినట్టో నాకు తేలలేదు.

నాకు మాట సాయం చేసింది నెల్లూరు వైపునుంచి వెళ్ళి అక్కడ బట్టల దుకాణం పెట్టుకున్న పెద్దాయన. మామా అని పిలిచేవాణ్ణి. ఆయన వెంటే ఆలయానికి వెళ్ళాను. పెద్ద భిక్షువు అరుగు మీద కూర్చున్నాడు, కింద బడి పంతుళ్ళు నలుగురు. చట్రం ఎంత గట్టిగా పడుతుందో చూపిస్తానని నేల మీద కూర్చుని కాళ్ళు చాపాను. పలకను రెండు అరికాళ్ళ మధ్య ఇరికించి చట్రం బిగించాను. మా దగ్గర పనంతా అట్లాగే. అక్షరం పడేదాకా అది రాయే. అక్షరం పడ్డాక కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం.

బిగించిన పలకను నేలకేసి కొట్టినా ఊడలేదు. అందరూ నవ్వారు. మామిడిపండు కోసి పెట్టారు. రేపు రమ్మన్నారు.

మా వైపు సరుకు కొనేవాడు ముందు దాన్ని తిడతాడు. "ఇదేంది, దోసె పెనమా?" అంటాడు, ఆ తర్వాత కొంటాడు. ఇక్కడ రెండో రోజూ నవ్వు, మూడో రోజూ నవ్వు. తిట్టే మనిషే కనిపించలేదు.

నాలుగో రోజు పడవలో మామను నిలదీశాను. ఆయన నీళ్ళకేసి చూస్తూ, "మొదటిరోజు స్వామికెదురుగా అరికాళ్ళు చూపిస్తివే అబ్బయా. వీళ్ళకది శానా తప్పు" అన్నాడు.

"అప్పుడే చెప్పొచ్చు గదా మామా!"

"అందరి ముందర చెప్తే నీ పరువేం గాను?"

"నా పరువు నువ్వు కాపాడినావు. నా షెడ్డెవరు కాపాడతారు?"

ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును నేనింతవరకూ క్షమించలేదు.

ఆ రోజు కాళ్ళు వెనక్కి మడిచి, నొప్పి ఓర్చుకుంటూ కూర్చున్నాను. "తెలియక చేసినా. తప్పైతే తిట్టమను. తిట్టి, కావాలో వద్దో చెప్పమను" అన్నాను. మామ చెప్పాడు. పెద్ద భిక్షువు నావైపు చల్లగా చూసి చాలాసేపు మాట్లాడాడు.

"ఏమన్నాడు మామా?"

"ఎండగా ఉంది, మంచినీళ్ళు తాగి పొమ్మన్నాడు."

"అంత మాటకు ఇంతేనా?"

"అంతే అబ్బయా."

నీళ్ళు తాగి వచ్చేశాను.

మార్కాపురంలో షావుకారు అడిగాడు: "ఔనన్నారా, కాదన్నారా?"

"కాదనలేదయ్యా."

"మరి ఔనన్నారా?"

"నవ్వినారు."

"నవ్వులు మూటగట్టుకోని వచ్చినాడు చూడండ్రా" అన్నాడు షావుకారు. అప్పుడు కూడా పదిమంది విన్నారు. బ్యాంకాక్ నుంచి జాబు వస్తుందేమోనని రెండు నెలలు చూసి షెడ్డును తన బామ్మర్దికి అప్పగించాడు. ఆ బామ్మర్దికి చట్రం బిగించడం రాదు.

కారణం నా కాళ్ళో, ఊడిన చట్రాలో, మరొకటో తెలుసుకోవాలని మామకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి జవాబు వచ్చింది. అక్కడ అందరూ క్షేమమట. మార్కాపురం ఆయన ఎట్లా ఉన్నాడని స్వామి రెండుసార్లు అడిగాడట. పలకల సంగతి ఒక్క ముక్క లేదు.